నక్షత్రం గుర్తు

మాటకు రూపాయి.
దేవరకొండ రోడ్డు మీద గుట్టను సగం తొలిచి కట్టిన
విలాయతి యూనివర్సిటీ వాళ్లు నాకు ఖాయం చేసిన రేటు.
ఎనభై నాలుగు పేజీల నియమావళి
తెలుగు చెయ్యాలె. తల్లిదండ్రుల కోసమట.
సర్కారు కాలేజీల గంటల లెక్కన తెలుగు చెప్పేటోణ్ణి,
ఏప్రిల్ జీతం ఆగస్టుల చూసేటోణ్ణి,
ఎట్ల కాదంట?

పన్నెండో పేజీల ఉన్నది ఆ మాట.
'విద్యా స్వేచ్ఛ' అంటే
బడి ఎగ్గొట్టిన పోరగాండ్ల సంబురం లెక్కుంది.
'బోధనా స్వాతంత్ర్యం' అంటే
ఆగస్టు పదిహేను చాక్లెట్ వాసన.
రెండు రాత్రులు కొట్లాడిన దానితోని.
ఆఖరికి 'అడిగే హక్కు' అని రాసిన.
రెండు మాటలు, రెండు రూపాయలు.

దాని నెత్తి మీద చిన్న నక్షత్రం.
పేజీ అడుగున, చీమ కాలంత అక్షరాలల్ల:
ఆతిథ్య ప్రాంతపు చట్టాలకు, మనోభావాలకు,
భాగస్వామ్య సంస్థల ప్రయోజనాలకు లోబడి,
యాజమాన్యం ఎప్పటికప్పుడు నిర్ణయించిన మేరకు మాత్రమే.
పదమూడు రూపాయలు.
హక్కు కంటె షరతే గిట్టుబాటయింది నాకు.
అదే షరతు ఇంకా ముప్పై పేజీలల్ల ఉంటే
ముప్పై సార్లు రాసిన.
ఒకే వాక్యం గద, ఒక్కసారికే పైసలన్నరు.

నవనీత అక్కడ రెండో ఏడు.
చండూరు పిల్ల, పున్నోళ్ల బిడ్డ,
మగ్గం చప్పుడుల చదివి సీటు తెచ్చుకున్నది.
పద్దెనిమిది ఊర్ల నీళ్ల ప్లాంట్లు తిరిగి
కూల్‌డ్రింకు సీసాలల్ల నీళ్లు పట్టుకొచ్చింది.
ఫ్లోరైడు ఎంతున్నదని కాదు ఆమె అడిగింది,
అది మా మోకాళ్లను అడిగినా చెప్తయి.
మూడేండ్ల సంది మారని ఫిల్టర్లకు
ఏటేటా కొత్త బిల్లులెట్ల పుడుతున్నయని అడిగింది.
ఆ ప్లాంట్ల కంపెనీ పేరు
వాళ్ల లైబ్రరీ నొసట ఇత్తడి అక్షరాలల్ల ఉన్నది.

గురువారం సెమినారు.
బుధవారం పొద్దుగాల్ల పోస్టరు లేదు,
గోడకు నాలుగు టేపు ముక్కలున్నయి.
హాలు ఖాళీ లేదన్నరు.
హాలు ఖాళీగనే ఉండె,
ఉత్త కుర్చీలకు ఏసీ నడుస్తుండె.
దొర ప్రొఫెసరు, మంచోడే,
గేటు దాక వెంబడి వచ్చి
"మా అసలు క్యాంపసులైతే..." అని ఆగిపోయిండట.
అసలుది అక్కడుంటే
మరి ఇది తాలా?

నవ్విన. నవ్వు నడుమనే ఆగింది.
మా కాలేజీల నక్షత్రాలు లేవు,
అడుగున చిన్నక్షరాలు లేవు.
ప్రతి జూన్‌ల రెన్యువల్ కాయితం మీద
ఒక పచ్చ సిరా సంతకం, అంతే.
ఆ సంతకం కోసం ఒక పాఠాన్ని రెండేండ్లు
'పరీక్షకు రాదు, దాటుండ్రి' అన్నోణ్ణి.
వాళ్లు అచ్చేసుకున్నరు,
నేను మింగిన.

గడియారం సెంటర్ల, యాసీన్ జిరాక్స్ కాడ కలిసింది.
"సార్, ఈ తెలుగు మీదేనా?"
నాదే.
"నక్షత్రం?"
వాళ్లది.
"అచ్చుల పడ్డంక ఎవరిదేదో ఎట్ల తెలుస్తది సార్?"
జేబుల చెయ్యి పెట్టి పెన్ను మూత తీసుకుంట, పెట్టుకుంట నిలవడ్డ.

నలభై కాపీలు తీయించింది.
పైసలియ్యబోతే వద్దన్నది.
యాసీన్ భాయి తను కూసున్న స్టూలు జరిపిండు,
ఎక్కి నిలబడి చదువుడు మొదలువెట్టింది.
బాండు పేపర్ల కోసం వచ్చిన ఇద్దరు,
ఆధార్‌ల పేరు తప్పు పడ్డ ఒక ముసలవ్వ,
సోడా బండి పిలగాడు,
నేను.
నాలుగో ఊరి పేరు కాడ కరెంటు పోయింది,
మిషను సప్పుడాగి ఆమె గొంతు పెద్దగయింది.

ట్రాఫిక్ కాడి హోంగార్డు ఇటే వచ్చిండు.
చెయ్యెత్తిండు.
ఆపుతడనుకున్న.
"మా ఊరి ప్లాంటున్నదా అమ్మా అండ్ల?"
అనడిగిండు.